నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు

మా కళ్ళజోళ్ళ షాపులో ముందు గది నాది, వెనక గది అద్దాలబ్బాయిది. నేను వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదివించి, ఏ కంటికి ఎంత పవర్ కావాలో చీటీ రాస్తాను. చీటీ వెనక గదిలోకి వెళుతుంది. అక్కడ అతను గాజుబిళ్ళని తిరిగే రాయికి ఆనించి, సన్నగా నీళ్ళు పడుతుంటే ఫ్రేముకి సరిపడేలా అరగదీస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. పనిలో చేరినప్పుడు కుర్రవాడు కాబట్టి అద్దాలబ్బాయి అన్నారు, ఇప్పుడు చెవుల మీద జుట్టంతా నెరిసినా అద్దాలబ్బాయే. నన్ను అక్కా అంటాడు. నేను వాణ్ణి తిట్టినన్ని తిట్లు సొంత తమ్ముణ్ణి కూడా తిట్టలేదు.

పనిమంతుడు, అందులో వంక పెట్టడానికి లేదు. మనిషి మాత్రం ఈ లోకంలో సగమే ఉంటాడు. వెనక గది కిటికీ పడమటి వైపు ఉంది. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా అరమీద ఆరబెట్టిన అద్దాల మీద పడి, గోడల మీదా కప్పు మీదా వెలుగు బిళ్ళలు తేలుతుంటాయి. యంత్రం అదిరినప్పుడల్లా అవి వణుకుతాయి. అన్నం గిన్నె తెరిచి పెట్టుకుని, తినడం మరిచిపోయి వాటినే చూస్తూ కూర్చునేవాడు. "ముద్ద నోట్లో పెట్టుకో నాయనా, వెలుగు ఎక్కడికీ పోదు" అని నేను అరిస్తే ఉలిక్కిపడేవాడు. మనుషుల పేర్లు గుర్తుండవు గానీ పవర్లు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే, "ఆయన మైనస్ ఆరు అక్కా, ఎడమ కంటికి కొంచెం తేడా" అనేవాడు.

ఇలాంటివాడు ఒక మనిషి ప్రాణం తీయాలని చూశాడంటే మీరు నమ్మరు. నేనూ నమ్మలేదు. తనే చెప్పాడు, ఏళ్ళ తరబడి, కొంచెం కొంచెంగా, యంత్రం తిరుగుతుండగానే. తన గొంతు తనకి వినిపించకూడదని కాబోలు. నేను చాలాసార్లు ఒళ్ళు మండి మధ్యలో లేచి వెళ్ళిపోయాను. మళ్ళీ రెండు రోజులాగి నేనే వెళ్ళి "ఆ తర్వాత?" అన్నాను.

మా షాపుకి రెండు షాపుల అవతల కర్టెన్లు కుట్టే చోటు ఉండేది. అక్కడ ఒకావిడ పని చేసేది. కత్తెర మర వదులైపోతే మా దగ్గరున్న చిన్న స్క్రూడ్రైవర్ కోసం వచ్చింది. అద్దాలబ్బాయి కత్తెర తీసుకుని, మర బిగించి, ఊరుకోకుండా నూనె కూడా వేసి, ఒక దారప్పోగు కోసి చూపించి ఇచ్చాడు. "మా షాపులో ఇంత శ్రద్ధగా ఎవరూ పని చెయ్యరు" అని నవ్విందావిడ. అంతే. వారం తిరగకుండా ఆ కత్తెర మూడుసార్లు వదులైంది. బాగున్న మరని ఎవరు వదులు చేస్తున్నారో తెలుసుకోలేనంత అమాయకురాలిని కాదు నేను. కానీ నవ్వుకుని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా తప్పే.

ఆవిడ భర్త బోర్డులు రాసేవాడు. ఊళ్ళో అందరూ బోర్డులాయన అనేవారు. ఎత్తైన గోడల మీద మనిషంత అక్షరాలు రాయాలంటే ఆయన్నే పిలిచేవారు. తాగుబోతా? కాదు. చెయ్యి చేసుకుంటాడా? ఎన్నడూ లేదు. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే. పెళ్ళై పదిహేనేళ్ళు. సాయంత్రం టర్పెంటైన్ వాసనతో ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని పడుకునేవాడు. ఆవిడ ఎదురుగా నిలబడి ఏదైనా చెబితే కళ్ళు చిట్లించి, మొహం ముడిచి చూసేవాడు.

"ఆయనకి నేనంటే విసుగు. నేను కనిపిస్తే చాలు మొహం అలా పెడతారు" అని ఆవిడ అద్దాలబ్బాయికి చెప్పుకునేది.

అలా చిట్లించేవాళ్ళని రోజుకి పదిమందిని చూస్తాను నేను. అది విసుగు కాదు, చూపు ఆనకపోవడం. ఆ మాట ఆవిడకి ఎవరైనా మొదటి ఏడాదే చెప్పి ఉంటే ఈ కథ నడిచేదే కాదేమో. అద్దాలబ్బాయికి మాత్రం తెలుసు. ఒకసారి బోర్డులాయన వీధికి ఇవతల నిలబడి, తను రాసిన బోర్డుని చిట్లించి చూస్తూ, దారిన పోయే వాళ్ళని "అక్షరాలు వరసలో ఉన్నాయా?" అని అడుగుతుంటే చూశాడు. "మైనస్ రెండున్నర ఉంటుంది" అనుకున్నాడట. తెలిసీ ఆవిడకి చెప్పలేదు. చెబితే ఆవిడకి మొగుడి మీద కోపం తగ్గిపోతుందని భయం.

భోజనం వేళ, ఒంటిగంట నుంచి రెండింటి దాకా, వాళ్ళిద్దరూ ఆవిడ ఇంట్లో కలుసుకునేవారు. మూడో అంతస్తు ఇల్లు, పైన డాబా. ఆ ఏడాది బోర్డులాయన అర కిలోమీటరు దూరంలో ఎనిమిదంతస్తుల మేడ పక్కగోడ మీద పెద్ద పెద్ద ప్రకటనలు ఒకదాని తర్వాత ఒకటి రాస్తున్నాడు. గోడకి కర్రలతో పరంజా కట్టి, అంచెలంచెలుగా పలకలు వేసి, పలకకీ పలకకీ మధ్య నిచ్చెన బిగించారు. డాబా మీద నిలబడితే ఆ గోడా, గోడ మీద ఆయనా కనిపించేవారు. ఆయనంటే ఒక చుక్క. చుక్క గోడమీద ఉన్నంతసేపూ వీళ్ళకి ఏ భయమూ లేదు.

"మనం ఆయనకి కనిపించమా?" అని మొదట్లో ఆవిడ అడిగింది.

"అంత దూరం కనిపించం. మనం ఇక్కడ జెండా ఊపినా తెలీదు" అన్నాడు అద్దాలబ్బాయి, ఆయన చూపు సంగతి బయటపెట్టకుండా.

ఆ గంట గురించి చెప్పేటప్పుడు అతని మొహం మారిపోతుంది, ఇప్పటికీ. డాబా మీద తీగలకి ఆవిడ కుట్టిన కర్టెన్లు ఉతికి ఆరేసి ఉండేవట. గాలికి అవి ఉబ్బి, ఒంటికి తగిలి, మళ్ళీ వెనక్కి పోయేవి. కొత్త గుడ్డ వాసన. కింద ఎక్కడో రేడియో. వాళ్ళు గోడకి ఆనుకుని, ఎప్పుడూ చూడని ఒక ఊరి గురించి మాట్లాడుకునేవారు. అక్కడొక గది, గదికి రెండు కిటికీలు, నీలం కర్టెన్లు. ఒకరోజు ఒక కిటికీ పెంచేవారు, ఇంకోరోజు ఒక మేడ కట్టేవారు. మధ్యమధ్యలో తలెత్తి చుక్క ఉందా లేదా అని చూసుకునేవారు. సంతోషంగా ఉండేవాడు. నాకు కోపం వచ్చినా సరే ఈ మాట రాయాలి, వాడి జీవితంలో సంతోషంగా ఉన్నది ఆ ఏడు నెలలే.

ఒక మధ్యాహ్నం ఆవిడ చాలాసేపు ఆ గోడ వైపే చూస్తూ, "ఆ చుక్క ఒకరోజు లేకపోతే?" అంది.

కర్టెన్లు ఊగుతున్నాయి. కాసేపటికి అద్దాలబ్బాయి, దేనికో తెలియకుండానే, తన పని గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నలభై ఐదు దాటినవాళ్ళకి దూరానికీ దగ్గరకీ కలిపి ఒకే కళ్ళజోడు ఇస్తాం. పైన దూరం చూడ్డానికి, కింద చదవడానికి చిన్న బిళ్ళ. కొత్తగా పెట్టుకున్నవాళ్ళు మెట్లు దిగేటప్పుడు కనుపాపలు దించి కింది బిళ్ళలోంచి చూస్తే, మెట్టు ఉన్నచోట ఉన్నట్టుండదు, జానెడు పైకి వచ్చినట్టు కనిపిస్తుంది. మెట్టుందనుకుని కాలు పెడతారు, అక్కడ ఉండదు. అందుకే ప్రతివాళ్ళకీ ఒక మాట చెప్పి పంపుతాం: దిగేటప్పుడు తల వంచండి, గడ్డం గుండెకి ఆనాలి, పై అద్దంలోంచే చూడాలి.

"చెప్పకపోతే?" అంది ఆవిడ.

"పడతారు. ఇంట్లో మెట్లయితే మోకాలు దోక్కుపోతుంది."

"ఇంట్లో మెట్లయితే" అని మెల్లగా తనూ అంది.

చంపడం అన్న మాట ఇద్దరిలో ఒక్కరి నోటా రాలేదట. నాకు ఒళ్ళు మండేది అక్కడే. నీలం కర్టెన్ల గది గురించి మాట్లాడుకున్నట్టే ఇదీ మాట్లాడుకున్నారు, రోజుకి కొంచెం, నవ్వుకుంటూ, తీపిగా. కలలో మెట్లు దిగుతున్నట్టు ఒక్కొక్కటీ దిగుతూ పోయారు.

మరో పది రోజులకి ఆవిడ మొగుణ్ణి వెంటబెట్టుకుని మా షాపుకి వచ్చింది.

కుర్చీలో కూర్చున్న బోర్డులాయన గోడ మీది అక్షరాలని చిట్లించి చూసి, "ఈ బోర్డు ఎవరు రాశారమ్మా? అంచులన్నీ అలికేసినట్టున్నాయి" అన్నాడు. నాకు నవ్వాగలేదు. మైనస్ రెండున్నర అద్దాలు వేసి మళ్ళీ చూడమన్నాను. చిట్టచివరి వరస దాకా గడగడా చదివేశాడు. తర్వాత తలుపు బయటికి చూశాడు.

"ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలకి క్లిప్పులున్నాయి" అన్నాడు, ఏదో ఘనకార్యం జరిగినట్టు.

తర్వాత తల తిప్పి, తలుపు దగ్గర నిలబడ్డ భార్యని చూశాడు. మొహం చిట్లించలేదు.

"నువ్వు ఇక్కణ్ణించి కూడా కనిపిస్తున్నావు" అన్నాడు.

ఆవిడ తల దించుకుంది. సిగ్గనుకున్నాను నేను. నా తెలివి అలా తెల్లారింది.

వయసు నలభై ఐదు దాటింది కాబట్టి చదవడానికి కింది బిళ్ళ కూడా రాశాను. ఫ్రేము పెట్టి చూసి, కింది రెప్ప అంచుకి సరిగ్గా పెన్నుతో గీత గీశాను. బిళ్ళ పై అంచు ఆ గీత మీదికే రావాలి. అంతకంటే పైకొస్తే కాళ్ళ దగ్గరేముందో చూడాలన్నా, పక్కకి చూడాలన్నా అదే అడ్డం వస్తుంది. అద్దాలబ్బాయి ఆ గీతకి నాలుగు మిల్లీమీటర్లు పైకి పెట్టాడు. పై అద్దం మాత్రం తన అలవాటు ప్రకారం నిక్కచ్చిగా చేశాడు. దాన్ని పాడు చెయ్యడానికి చేతులు రాలేదట. ఆ పై అద్దం వల్ల ఏమవుతుందో ఇద్దరిలో ఒక్కరైనా ఆలోచించలేదు. వాళ్ళకి ఆ బిళ్ళ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

కళ్ళజోడు ఇచ్చే రోజు "అక్కా, కొత్త ఫ్రేములు వచ్చాయట, నువ్వు వెళ్ళి ఏరితే బాగుంటుంది" అని నన్ను బయటికి పంపాడు. తల వంచమనే మాట చెప్పేది నేనే కదా మరి. నేను తిరిగొచ్చేసరికి బోర్డులాయన తీసుకుని వెళ్ళిపోయాడు. "అన్నీ చెప్పావా?" అంటే "చెప్పానక్కా" అన్నాడు, నా మొహం వైపు చూడకుండా.

పది రోజులు ఏమీ జరగలేదు.

బోర్డులాయన పాతికేళ్ళుగా పరంజాలు ఎక్కి దిగినవాడు. నిచ్చెన మీద కాళ్ళ వంక చూడటం ఆయనకి అలవాటే లేదు. అరికాలితో తడుముకుని, చేత్తో పట్టుకుని, గోడకేసి చూస్తూ దిగిపోయేవాడు. ఈ సంగతి కళ్ళజోళ్ళ గదిలో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? వాళ్ళు రోజూ డాబా ఎక్కి చూసేవారు. చుక్క పైకి పోయేది, కిందికి వచ్చేది. నీలం కర్టెన్ల గది గురించి మాటలు తగ్గిపోయాయి. గోడని చూడటమే పనైపోయింది. ఇంట్లో మాత్రం ఆయన కొత్త మనిషయ్యాడట. వంట చేస్తున్న ఆవిడని గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడు. "ఏంటండీ?" అంటే, "ఏం లేదు, నువ్వు వంట చేస్తుంటే ఇంతకు ముందు చూడలేదు" అనేవాడు. ఆ మాట ఆవిడ అద్దాలబ్బాయికి చెప్పలేదు. చాలా రోజుల తర్వాత బోర్డులాయనే నాకు చెప్పాడు.

పదకొండో రోజు ఒంటిగంటన్నర. ఆవిడ పసుపుపచ్చ బట్టల్లో ఉంది. ఇతను షాపులో వేసుకునే తెల్లకోటు విప్పకుండానే వచ్చాడు. ఆవిడ తల ఇతని భుజం మీద ఉంది. ఆ చుక్క పని ఆపింది. ఎప్పుడూ గోడకేసి తిరిగి ఉండే చుక్క మెల్లగా ఇటు తిరిగింది. తిరిగి అలాగే ఉండిపోయింది.

"ఎందుకలా నిలబడ్డారు?" అంది ఆవిడ.

అద్దాలబ్బాయి ఒక్క నిమిషం లెక్క వేసుకున్నాడు. మైనస్ రెండున్నర. పూర్తిగా సరిచేసిన చూపు. అర కిలోమీటరు, పట్టపగలు, పసుపుపచ్చ రంగు.

"చూస్తున్నాడు. మనల్ని చూస్తున్నాడు" అన్నాడు.

ఆ చుక్క దిగడం మొదలుపెట్టింది. రోజూ దిగినట్టు కాదు. ఒక అడుగు వేసి ఆగుతోంది, మళ్ళీ ఇంకో అడుగు. దూరం నుంచే ఇతనికి అర్థమైంది. ఒళ్ళు వణుకుతున్న మనిషి కాళ్ళ మీద నమ్మకం పోయి, పాతికేళ్ళలో మొదటిసారి కాళ్ళకేసి చూసుకుంటూ దిగుతున్నాడు. చూస్తున్నది ఆ బిళ్ళలోంచి.

వాళ్ళు కోరుకున్న క్షణం అదే. ఏడు నెలల కల తీరడానికి ఊరికే నిలబడితే చాలు.

చుక్క జారింది. ఒక మెట్టు కింద ఆగి, వేలాడి, మళ్ళీ ఎలాగో పలక మీదికి చేరింది. తనేం చేస్తున్నాడో తెలిసేలోపే అద్దాలబ్బాయి పిట్టగోడ పట్టుకుని గొంతు చించుకుని అరుస్తున్నాడు. "తల వంచు! అన్నా, తల వంచి చూడు!" అర కిలోమీటరు అవతలికి ఏ గొంతు చేరుతుంది? ఆవిడ చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని మెట్లు దిగి పరుగెత్తాడు.

చెప్పులు డాబా మీదే ఉండిపోయాయి. తెల్లకోటులో, ఉత్తికాళ్ళతో ఊరి మధ్యలోంచి పరుగెత్తడం సగం ఊరు చూసింది, నేనూ చూశాను. షాపు తాళం ఎవరికో అప్పగించి వెనకే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి అతను పరంజా ఎక్కేశాడు. స్టూలు ఎక్కితేనే కళ్ళు తిరిగే మనిషి నాలుగో అంతస్తు ఎత్తున నిచ్చెన మీద ఉన్నాడు. పైన బోర్డులాయన. ఆయన కాలిని ఇతను చేత్తో పట్టుకుని, నిచ్చెన మెట్టు మీద పెట్టి, "ఇక్కడుందన్నా. ఇప్పుడు రెండోది. కిందికి చూడకు, నా చేతిని నమ్ముకో" అంటున్నాడు. ఒక్కొక్క మెట్టూ అలాగే దింపాడు. అరగంట పట్టింది.

నేల మీదికి వచ్చాక బోర్డులాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మడమ వాచిపోయింది. మనిషి మొహం తెల్లగా పాలిపోయింది. ఇతని కోటుకేసి చూశాడు.

"డాబా మీద ఉన్నది నువ్వేనా?"

"నేనే."

"అంత దూరం నుంచి మొహం తెలీలేదు తమ్ముడూ. ఆమెని గుర్తుపట్టాను. పక్కన ఎవరో తెల్లబట్టలాయన అనుకున్నా. మా ఇల్లు ఎక్కడుందో ఇక్కణ్ణించి కనిపిస్తుందేమో చూద్దామని తిరిగాను, అంతే." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వు రాకుండా ఉంటే నువ్వని నాకు తెలిసేదే కాదు."

నేనేదో అనబోతే బోర్డులాయన చెయ్యెత్తి ఆపాడు.

"తప్పు చేశావు. కానీ మనిషి పడిపోతుంటే చూస్తూ ఊరుకోలేదు. మంచివాడివే" అన్నాడు. "ఇంటిదాకా తీసుకెళ్ళు. దారి నీకు కొత్త కాదుగా."

ఆ మాటకి అద్దాలబ్బాయి కుప్పకూలిపోతాడనుకున్నాను. కూలలేదు. ఆయన చేతిని తన భుజం మీద వేసుకున్నాడు. అర కిలోమీటరు దూరం ముప్పావు గంట నడిచారు, నేను వెనకే. దారిలో ఒకచోట మెట్లొచ్చాయి. "తల వంచన్నా. గడ్డం గుండెకి ఆనించి, పై అద్దంలోంచి చూడు" అన్నాడు ఇతను. ఆయన అలాగే చేసి, "ఓహో, అలాగా! ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా" అన్నాడు, కోపం లేకుండా. "మరిచిపోయావేమో."

ఆవిడ ఇంటి కింద మెట్ల మీద కూర్చుని ఉంది. డాబా మీంచి రెండు చుక్కలు దిగి రావడం మొత్తం చూశాకే కిందికి వచ్చిందట. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. మొగుణ్ణి చూడలేదు, వాచిన మడమని చూడలేదు. అద్దాలబ్బాయినే చూసింది. ఏడవలేదు. నిద్రలోంచి లేపేస్తే చిన్నపిల్లలు చూస్తారే, అలా చూసింది.

"నువ్వెందుకెళ్ళావు?" అంది. "ఇంకొక్క మెట్టేగా."

బోర్డులాయన ఆవిడని చూశాడు. తర్వాత ఇతన్ని చూశాడు. మెల్లగా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. కళ్ళజోడు తీసి, చేత్తో తిప్పి, ఆ కింది బిళ్ళని వేలితో ఒకసారి తడిమాడు. జాగ్రత్తగా మడిచి అద్దాలబ్బాయి కోటు జేబులో పెట్టాడు. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. గోడ పట్టుకుని, కాలితో ఒక్కొక్క మెట్టూ తడుముకుంటూ, మూడంతస్తులూ తనే ఎక్కి వెళ్ళాడు.